తుప్పు తెగులుకు నిలిచే గోధుమ: ఒక్క జన్యువు ఎందుకు చాలదు

బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చివరి ఏడాది చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. గోధుమ ఆకు తుప్పు ఒక్కదానికే ఎనభై దాకా నిరోధక జన్యువులకు పేర్లు పెట్టారు కదా, వాటిలో గట్టిదాన్ని ఒకదాన్ని మంచి దిగుబడి రకంలోకి ఎక్కిస్తే సరిపోదా? మళ్లీ మళ్లీ కొత్త రకాలు ఎందుకు తేవాల్సి వస్తోంది? ఒక రకం తయారవడానికి ఎన్నేళ్లు పడుతుంది? గోధుమే పండని గుంటూరు వైపు ఉండి ఈ పని నేర్చుకోగలనా?

ముందు జవాబు చెప్పేస్తాను. గట్టి జన్యువు ఒక్కటి చాలదు. అది ఉన్న రకం మొదట్లో మచ్చ లేకుండా ఉంటుంది, రైతులందరూ అదే వేస్తారు, కొన్నేళ్లలో దాన్ని దాటే శిలీంద్రం పుట్టుకొస్తుంది. ఎక్కువ కాలం నిలవాలంటే, ఒక్కొక్కటిగా చూస్తే బలహీనంగా కనిపించే మూడు నాలుగు జన్యువులను ఒకే మొక్కలో పోగు చేయాలి. గట్టి జన్యువులను వాటికి తోడుగా, అవి కూడా జంటగా వాడాలి. సంకరం చేసిన, అంటే రెండు రకాలను కలిపిన రోజు నుంచి రైతు చేతికి విత్తనం సంచి వచ్చేదాకా మామూలుగా పది పన్నెండేళ్లు. ఇక గుంటూరు సంగతి: గోధుమ రకం ఇక్కడ తయారు చేయలేరు గానీ, అందుకు కావలసిన చూపు మాత్రం ఇక్కడే సంపాదించుకోవచ్చు. చివర్లో వివరంగా రాస్తాను.

నేను ఉద్యోగ జీవితమంతా గోధుమ బ్రీడింగ్‌లోనే, అంటే కొత్త రకాలు తయారుచేసే పనిలోనే ఉన్నాను. కొంతకాలం ఉత్తరాది మైదానాల్లో, చాలాకాలం నీలగిరుల్లో. రిటైరై గుంటూరులో ఉంటున్నాను. కింద రాసేది పుస్తకంలో ఉన్నదీ, పొలంలో చూసిందీ కలిపి.

గోధుమకు తుప్పు తెగుళ్లు మూడు. కాండం తుప్పు, ఆకు తుప్పు, పసుపు తుప్పు. మూడూ పక్సీనియా ప్రజాతి శిలీంద్రాలే, కానీ జాతులు వేరు, ఇష్టపడే వాతావరణం వేరు. పసుపు తుప్పుకు చలి కావాలి, అందుకే పంజాబ్, హర్యానా, హిమాలయ పాదాల దగ్గర దాని జోరు. కాండం తుప్పుకు వెచ్చదనం కావాలి, మధ్య భారతం, దక్కన్ దాని రాజ్యం. ఆకు తుప్పు మధ్యస్థం, దేశమంతా తిరుగుతుంది. ఒకదానికి నిలిచిన రకం రెండోదానికి నిలవాలని లేదు. ఈ మాట పరీక్షలో అందరూ రాస్తారు. రకాలు ఎంచేటప్పుడు మాత్రం తరచూ మరిచిపోతారు. మూడింటికీ నిలిచే రకం మన దేశంలో మొదటిసారి గోధుమ శాస్త్రవేత్త బీపీ పాల్ గారి కృషితో 1954లో వచ్చింది, ఎన్‌పీ 809.

ఈ శిలీంద్రం వేసవిలో ఎక్కడ ఉంటుందో తెలుసుకుంటే సగం సంగతి అర్థమవుతుంది. తుప్పు తెగుళ్ల శాస్త్రవేత్త కరమ్‌చంద్ మెహతా గారు దశాబ్దాల పాటు కొండలూ మైదానాలూ తిరిగి తేల్చిన విషయం ఇది: మైదానాల ఎండలకు తుప్పు సిద్ధబీజాలు (శిలీంద్రం వ్యాపించే పొడి, దాని విత్తనాల్లాంటివి) బతకవు. వేసవి మొత్తం కొండల మీద, అంటే ఉత్తరాన హిమాలయాల్లో, దక్షిణాన నీలగిరి, పళని కొండల్లో, అక్కడి గోధుమ మొక్కల మీద తలదాచుకుని, పంట వేశాక గాలితో కిందికి దిగుతాయి. కాండం తుప్పు అయితే ప్రధానంగా దక్షిణ కొండల నుంచే పైకి వెళ్తుంది. దానికి దారి చూపేది మనకు బాగా తెలిసిన నవంబర్ తుఫాన్లే. బంగాళాఖాతంలో పుట్టి దక్షిణాదిని దాటి మధ్య భారతం వైపు సాగే వాయుగుండాలు నీలగిరుల నుంచి సిద్ధబీజాలను మోసుకెళ్లి వానతో పాటు పొలాల్లో దించుతాయని శాస్త్రవేత్త నాగరాజన్, ఆయన సహచరులు 1970లలో లెక్కకట్టి చూపించారు. కార్తీక మాసంలో వరి కోతలు ఎలా అని మనం ఆకాశం చూస్తుంటే, పైన అదే మబ్బుల్లో మధ్యప్రదేశ్ గోధుమకు రావలసిన తెగులు ప్రయాణిస్తూ ఉండొచ్చు. కృష్ణా, గుంటూరు రైతులకు గోధుమతో సంబంధం లేదనుకుంటాం గానీ ఆకాశంలో ఆ సంబంధం ఉంది.

ఇక ఒక్క జన్యువు ఎందుకు ఓడిపోతుందో చూద్దాం. అవిసె తుప్పు మీద పనిచేసిన ఫ్లోర్ అనే శాస్త్రవేత్త 1940లలో చెప్పిన సూత్రం మీరు చదివే ఉంటారు. మొక్కలో ఉన్న ప్రతి నిరోధక జన్యువుకూ శిలీంద్రంలో దానికి సరిజోడు జన్యువు ఒకటి ఉంటుంది. మొక్క ఆ జన్యువు తయారుచేసే పదార్థాన్ని గుర్తుపట్టి, తెగులు సోకిన చోట తన కణాలను తానే చంపుకుని శిలీంద్రానికి తిండి లేకుండా చేస్తుంది. బలమైన ఏర్పాటే. కానీ శిలీంద్రం తప్పించుకోవడానికి ఆ ఒక్క జన్యువు మారినా, పోయినా చాలు. తెగులు సోకిన ఒక్క పొలం నుంచి లేచే సిద్ధబీజాలు లెక్కకు అందవు. అన్ని కోట్లలో ఒక్కదానికి ఆ మార్పు వస్తే చాలు, చుట్టూ లక్షల ఎకరాల్లో అదే రకం ఉంది కాబట్టి దానికి అడ్డుండదు. ఒకే జన్యువు మీద నిలబెట్టిన రకం ఒక్క నిట్టాడ మీద నిలిపిన పాక లాంటిది. నిట్టాడ ఎంత చేవ ఉన్న కర్ర అయినా, అది విరిగిన రోజు మొత్తం కూలుతుంది.

ఇది ఊహ కాదు, మన కళ్లముందు జరిగింది. హరిత విప్లవపు తొలి పొట్టి రకాల్లో పేరు మోసిన కల్యాణ్ సోనా 1970ల తొలి ఏళ్లలోనే ఆకు తుప్పుకు లొంగిపోయింది. ఆ తర్వాత పెద్ద కథ పీబీడబ్ల్యూ 343ది. 1995లో వచ్చిన ఈ రకం ఒక దశలో దాదాపు 70 లక్షల హెక్టార్లలో పండింది. పసుపు తుప్పుకు దానికున్న ప్రధాన రక్షణ వైఆర్27 అనే జన్యువు (ఈ పేర్లలో వైఆర్ అంటే పసుపు తుప్పు, ఎల్ఆర్ అంటే ఆకు తుప్పు, ఎస్ఆర్ అంటే కాండం తుప్పు). దాన్ని దాటే శిలీంద్రపు తెగ 2001లో మన దేశంలో కనిపించింది. అక్కడి నుంచి కొన్నేళ్లు నెమ్మదిగా పాకి, 2008 తర్వాత వరసగా చలి, మబ్బు ఎక్కువైన ఏళ్లలో ఉత్తరాది పొలాలను పసుపు పొడితో నింపేసింది. పొలంలో నడిచి వస్తే ప్యాంటు పసుపు రంగు తేలేది. 2011లో వచ్చిన హెచ్‌డీ 2967 వంటి రకాలు ఆ చోటు తీసుకున్నాయి. కొంత కాలానికి వాటి మీదా పసుపు తుప్పు మొదలైంది.

అదే పీబీడబ్ల్యూ 343లో కాండం తుప్పుకు ఎస్ఆర్31 అనే జన్యువు ఉండేది. అది రై అనే ధాన్యం నుంచి గోధుమలోకి వచ్చిన క్రోమోజోమ్ ముక్కలోది. ఆ ఒక్క ముక్క ప్రపంచంలో ఎన్ని రకాల్లోకి పాకిందో! దశాబ్దాలు నిలబడింది, ఇక కాండం తుప్పు పని అయిపోయిందని చాలామంది నమ్మారు. 1998లో ఉగాండాలో దాన్ని దాటిన తెగ కనిపించింది, యూజీ99 అని పేరు పెట్టారు. కెన్యా, ఇథియోపియా, సుడాన్, యెమెన్, ఇరాన్ దాకా వచ్చింది. హరిత విప్లవానికి పేరుపడ్డ గోధుమ శాస్త్రవేత్త, అప్పటికే వయసు మళ్లిన నార్మన్ బోర్లాగ్ మళ్లీ రంగంలోకి దిగి ప్రపంచాన్ని హెచ్చరించారు. మన రకాలను కెన్యాలోని ఎన్‌జోరోకు పంపి, తెగులు ఇక్కడికి రాకముందే అక్కడ పరీక్ష చేయించుకోవడం అలా మొదలైంది. ఇది చాలా మంచి ఏర్పాటు. శత్రువు గడప దాకా వచ్చాక రకం తయారు చేయడం మొదలుపెడితే పదేళ్లు ఆలస్యమైనట్టే.

మరి నిలిచేవి ఏవి? మీ ప్రశ్నకు అసలు సమాధానం ఇక్కడుంది. ఎల్ఆర్34 అనే జన్యువు తీసుకోండి. ఇది ఉన్న మొక్కకు తెగులు వస్తుంది. రాకుండా ఆపదు. కానీ సోకినప్పటి నుంచి పొక్కు పగలడానికి ఎక్కువ రోజులు పడుతుంది, పొక్కులు చిన్నవిగా, తక్కువగా ఉంటాయి, వాటి నుంచి రాలే సిద్ధబీజాలూ తక్కువే. గింజ పాలు పోసుకుని గట్టిపడేదాకా తెగులు ముదరదు. పంట గట్టెక్కుతుంది. ఇదే జన్యువు పసుపు తుప్పు మీద, కాండం తుప్పు మీద, బూడిద తెగులు మీద కూడా అంతో ఇంతో పనిచేస్తుంది. 2009లో దీని నిర్మాణం తేల్చారు. శిలీంద్రాన్ని గుర్తుపట్టే రకం జన్యువు కాదిది, కణంలో పదార్థాలను అటూ ఇటూ చేరవేసే ప్రోటీన్‌కు సంబంధించింది. శిలీంద్రం ఒక్క మార్పుతో దీని నుంచి తప్పించుకోలేకపోవడానికి అదే కారణమని నా నమ్మకం. ఎల్ఆర్46, ఎల్ఆర్67 కూడా ఇదే కోవలోవి. కాండం తుప్పుకైతే ఎస్ఆర్2 ఉంది. 1920లలో అమెరికాలో మెక్‌ఫాడెన్ అనే బ్రీడర్ ఎమ్మర్ అనే పాతకాలపు గోధుమ నుంచి రొట్టె గోధుమలోకి తెచ్చినది. దాదాపు వందేళ్లయినా ఇంకా పనిచేస్తోంది.

వీటితో చిక్కు ఒకటుంది. ఒక్కొక్కటి విడిగా చాలవు. తెగులు ఒత్తిడి ఎక్కువగా ఉన్న చోట ఎల్ఆర్34 ఒక్కటే ఉన్న మొక్క కూడా బాగానే దెబ్బతింటుంది. మూడు నాలుగు కలిసినప్పుడు మాత్రం మొక్క దాదాపు శుభ్రంగా ఉంటుంది. అందుకే వీటిని పోగు చేయడం మీద నేను ఇంత పట్టుబడుతున్నాను.

నీలగిరుల్లో మా పని ఎలా ఉండేదో చెబుతాను. అక్కడ ఏడాది పొడవునా తుప్పు ఉంటుంది, బ్రీడర్‌కు అంతకన్నా మంచి చోటు లేదు. ప్లాట్ల చుట్టూ, మధ్యమధ్య ఆగ్రా లోకల్ లాంటి తెగులుకు ఇట్టే లొంగే రకాల సాళ్లు వేస్తాం. పిలకలు వేసే దశ నుంచి పొట్ట దశ దాకా సిద్ధబీజాలు కలిపిన నీళ్లను ఆ సాళ్లలోని మొక్కలకు సిరంజితో ఎక్కిస్తాం, సాయంత్రం పూట పిచికారీ కూడా చేస్తాం, రాత్రి మంచు పడి ఆకు తడిగా ఉండాలి కాబట్టి. అక్కడి నుంచి తెగులు తనంతట తాను ప్లాట్లలోకి పాకుతుంది. తర్వాత పోటాకు (కంకి కిందుండే చివరి ఆకు) మీద, కాండం మీద ఎంత శాతం తెగులు ఉంది, పొక్కు తీరు ఏమిటి అని స్కోరు వేస్తాం. 40ఎస్ అంటే నలభై శాతం, పొక్కులు పెద్దవి, మొక్క లొంగిపోయింది. 20ఎంఎస్ అంటే ఇరవై శాతం, ఓ మోస్తరుగా లొంగింది. ఒక్కసారి చూస్తే చాలదు. వారం పది రోజుల తేడాతో మళ్లీ మళ్లీ చూడాలి. నెమ్మదిగా తుప్పు పట్టే మొక్కను ఒక్క రోజు చూసి గుర్తుపట్టలేరు, తెగులు పాకే వేగంలోనే అది తెలుస్తుంది.

ఒక సంకరం నాకు బాగా గుర్తుంది. నెమ్మదిగా తుప్పు పట్టే గుణం ఉన్న ఒక పాత రకాన్ని, గట్టి జన్యువు ఉన్న మంచి దిగుబడి రకంతో కలిపాం. తర్వాతి తరాల్లో కొన్ని వరసలు ఒక్క పొక్కు లేకుండా మెరిసిపోయేవి, కొన్ని 10ఎంఎస్, 20ఎంఎస్ దగ్గర ఆగేవి. చూడటానికి వచ్చినవాళ్లంతా మెరిసేవే తీసుకోమనేవారు. నేను రెండో రకం వరసలను వదలకుండా ముందుకు తీసుకెళ్లాను. ఆ గట్టి జన్యువును దాటే తెగ మా లోయలోకి వచ్చిన ఏడాది, మెరిసే వరసల్లో చాలా భాగం 60ఎస్, 80ఎస్ అయిపోయాయి. ఆ 20ఎంఎస్ వరసలు 20ఎంఎస్ దగ్గరే, మహా అయితే 30 దగ్గర ఉండిపోయాయి.

దీని వెనుక సూత్రం మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త వాండర్‌ప్లాంక్ 1960లలోనే చెప్పారు. గట్టి జన్యువు పొలంలో ఉన్నంత కాలం దాని వెనుక ఉన్న చిన్న జన్యువులు మనకు కనిపించవు. అన్ని మొక్కలూ శుభ్రంగానే ఉంటాయి, దేనిలో చిన్న జన్యువులున్నాయో, దేనిలో లేవో తేడా తెలియదు. తెలియకుండానే వాటిని పారేస్తాం. అందుకే గట్టి జన్యువును దాటగల తెగతోనే పొలంలో పరీక్ష పెట్టి, ఆ పరిస్థితిలో మొక్కలను ఎంచుకోవాలి. ఏ తెగ ఏ జన్యువును దాటుతుందో తెలియాలంటే తెగలను విడివిడిగా పెంచి కాపాడే చోటు ఉండాలి. సిమ్లా ఫ్లవర్‌డేల్ కేంద్రం ఎన్నో దశాబ్దాలుగా ఆ పని చేస్తోంది. నారు దశలో పరీక్ష అక్కడ, పెరిగిన మొక్క పరీక్ష పొలంలో. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడం నేర్చుకోండి. నారుగా ఉన్నప్పుడు లొంగి, పెరిగాక తట్టుకుంటే అందులో మనకు కావలసిన సరుకు ఉండే అవకాశం ఎక్కువ.

మార్కర్ల గురించి, అంటే మొక్కలో ఫలానా జన్యువు ఉందో లేదో డీఎన్ఏలో చూపే గుర్తుల గురించి మీ తరం పిల్లలు మొదటే అడుగుతారు. అవి చాలా మేలు చేశాయి. ఎల్ఆర్34కు, ఎస్ఆర్2కు నమ్మదగిన మార్కర్లున్నాయి. పొలంలో తెగులు లేకుండానే ఆకు ముక్కతో తేల్చవచ్చు. జన్యువులను పోగు చేయడానికి ఇంతకన్నా దారి లేదు. అయితే గోధుమ జన్యు సముదాయం వరి కంటే దాదాపు నలభై రెట్లు పెద్దది, మూడు గడ్డి జాతుల క్రోమోజోములు ఒకచోట చేరిన మొక్క అది. మార్కర్ ఉందని చెప్పినంత మాత్రాన పొలంలో ఆ గుణం పూర్తిగా కనిపించాలని లేదు. వెచ్చటి చోట ఎల్ఆర్34 ప్రభావం తగ్గడం నేను చూశాను. మార్కర్‌తో వడపోయండి, నిర్ణయం మాత్రం పొలంలో తీసుకోండి.

అడవి జాతుల నుంచి తెచ్చే జన్యువులతో ఇంకో సంగతి ఉంది. జన్యువు ఒక్కటే రాదు, దాని చుట్టూ ఉన్న ముక్క కూడా వస్తుంది. నేను చెప్పిన రై ముక్క ఉన్న గోధుమలతో పిండి జిగటగా తయారై రొట్టె నాణ్యత దెబ్బతింటుంది. ఎల్ఆర్19 అనే మంచి జన్యువు మొదట్లో పిండిని పసుపు రంగులోకి మార్చేది, ఆ రంగు జన్యువును విడదీశాకే దాని వాడకం సులువైంది. తెగులుకు నిలిచినా ఇంట్లో ఆడవాళ్లు చపాతీ బాగా లేదంటే ఆ రకం మరుసటి ఏడాది పొలంలో ఉండదు. చపాతీకి పేరుపడ్డ సీ 306 లాంటి పాత రకంలోకి పని గట్టుకుని ఎల్ఆర్24ను నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఎక్కించింది అందుకే. ఇది మీకు కొత్త కాదు. మీ కాలేజీ ఊరి రకమే, బీపీటీ 5204 సాంబ మసూరి, అగ్గి తెగులుకు లొంగుతుందని తెలిసినా రైతు ఎందుకు వదలడు? అన్నం బాగుంటుంది కాబట్టి, కొనేవాడున్నాడు కాబట్టి.

ఇక కాలం. సంకరం చేయడం కొద్ది రోజుల పని. పుప్పొడి తిత్తులు చిమ్టాతో తీసి, కంకికి బటర్ పేపర్ సంచి తొడిగి, రెండు మూడు రోజులకు పుప్పొడి అద్దాలి. తర్వాత గుణాలు స్థిరపడటానికి ఐదారు తరాలు. మైదానంలో ఒక పంట, వేసవిలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలోనో వెల్లింగ్టన్‌లోనో ఇంకో పంట వేసి ఏడాదికి రెండు తరాలు తీస్తాం. బోర్లాగ్ మెక్సికోలో మొదలుపెట్టిన పద్ధతే ఇది. రోజుకు 22 గంటలు వెలుతురు ఇచ్చే గదుల్లో ఇప్పుడు ఏడాదికి ఆరు తరాలు కూడా తీస్తున్నారు. అక్కడ దాదాపు రెండేళ్లు మిగులుతాయి. ఆ తర్వాత దేశవ్యాప్త పరీక్షలు మూడేళ్లు, విడుదల, ఆపైన విత్తనం పెంచే దశలు: బ్రీడర్ విత్తనం, ఫౌండేషన్, సర్టిఫైడ్. ఆ పరీక్షల మూడేళ్లను తగ్గించమని ఎవరు అడిగినా ఒప్పుకోకండి. అన్ని ప్రాంతాల్లో, అన్ని తెగల మధ్య నిలబడి చూపించాల్సింది అక్కడే.

రకం విడుదలయ్యాక కూడా ఒక కష్టం ఉంది. నెమ్మదిగా తుప్పు పట్టే రకంలో ఆకు మీద నాలుగు పొక్కులు కనపడగానే రైతు కంగారుపడతాడు. ఆ మాత్రం పొక్కులు దిగుబడిని తగ్గించవని ముందే చెప్పి ఇవ్వాలి. తెగులు వేగంగా పైకి పాకుతుంటే లీటరు నీటికి ఒక మిల్లీలీటరు ప్రోపికొనజోల్ అనే శిలీంద్రనాశిని మందు కొట్టుకోవచ్చు, అదీ అవసరమైతేనే.

గోధుమకు ఇంకో శిలీంద్రం వచ్చి పడింది, ఇది మనవాళ్లకు దగ్గరి చుట్టమే. వరి అగ్గి తెగులు శిలీంద్రానికి దాయాది, గోధుమ అగ్గి తెగులు. 1985లో బ్రెజిల్‌లో మొదలై 2016లో బంగ్లాదేశ్‌లో సుమారు 15,000 హెక్టార్లలో పంటను దెబ్బతీసింది. పశ్చిమ బెంగాల్ సరిహద్దు జిల్లాల్లో గోధుమ వేయకుండా కొన్నేళ్లు ఆపారు. దీనికి ఇప్పటిదాకా బాగా పనిచేస్తున్నది ఒక అడవి గడ్డి నుంచి వచ్చిన ఒకే ఒక్క క్రోమోజోమ్ ముక్క. పైన అంతా చదివారు కాబట్టి నాకు భయం ఎందుకో మీకే అర్థమవుతుంది.

చివరి ప్రశ్న, గుంటూరు. ఇక్కడ ధనుర్మాసంలో కూడా గోధుమకు చాలినంత చలి ఉండదు. మొక్క త్వరగా ఈనేస్తుంది, పిలకలు తక్కువ, కంకి చిన్నది. పసుపు తుప్పు పరీక్ష అసలు కుదరదు. కానీ స్కోరు వేయడం నేర్చుకోవడానికి గోధుమే అక్కర్లేదు. బాపట్ల ఇసుక నేలల్లో వేరుశనగ ఉంది, దానికి తుప్పు, ఆకుమచ్చ రెండూ వస్తాయి. వరి మాగాణుల్లో వేసే జొన్న, మొక్కజొన్నలకు కుంకుమ తెగులు, అంటే తుప్పే, వస్తుంది. రెండు మూడు రకాలు పక్కపక్కన ఉన్న పొలం చూసుకుని, ఒకే మొక్కలకు గుర్తు కట్టి, వారానికోసారి శాతం రాయండి, గ్రాఫు గీయండి. ఏ రకంలో గీత నిటారుగా లేచింది, ఏ రకంలో వాలుగా సాగింది చూడండి. వరిలో అగ్గి తెగులును తట్టుకునే ఎన్‌ఎల్‌ఆర్ 34449నూ, సాంబ మసూరినీ పక్కపక్కన చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. డిసెంబర్‌లో కుండీల్లో గోధుమ గింజలు నాటి పూల నుంచి పుప్పొడి తిత్తులు తీయడం, సంచి కట్టడం సాధన చేయండి. చిన్న కంకైనా చేతికి అలవాటు పడటానికి చాలు.

పీజీకి ఢిల్లీలోని ఐఏఆర్‌ఐ (భారత వ్యవసాయ పరిశోధన సంస్థ), లుధియానా, ధార్వాడ్ లాంటి చోట్లు చూసుకోండమ్మా. గోధుమ మన పంట కాదని ఎవరైనా అంటే పట్టించుకోకండి. నీలగిరుల్లో పనిచేసిన రోజుల్లో నాకు తెలుగు మాట్లాడే సహోద్యోగులు చాలామందే ఉండేవారు. వేరుశనగ గానీ మొక్కజొన్న గానీ స్కోర్లు వేశాక ఆ అంకెలు ఇక్కడ పెట్టండి, మొక్క ఎత్తు, విత్తిన తేదీ కూడా రాయడం మర్చిపోవద్దు. చూసి నాకు తోచింది చెబుతాను.